గడియారాలాయన గదిలో శ్రుతి

ఆ గదిలో రాత్రిపూట పని చేయకూడదని ఆ సందులో అందరూ అంటారు. పగలైతే ఫరవాలేదట. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం... ఆ బల్ల ముందు కూర్చుని ఏదైనా చిన్న పని మొదలుపెడితే చాలు, వెనక ఎవరో వచ్చి నిలబడతారట. భుజం మీదుగా వంగి చూస్తారట. అడుగుల చప్పుడుండదు, నీడుండదు — ఊపిరి మాత్రం తగులుతుందట.

ఈ 'ట'లన్నీ వాళ్ళవి, నావి కావు. నేను కొలత పరికరాలు సరిచూసే ల్యాబులో పని చేస్తాను. ఏ మీటరు నిజం చెబుతోంది, ఏది బొంకుతోంది అని తేల్చి సంతకం పెట్టడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళలో నా బల్ల మీదికి ఊపిరి తీసే దెయ్యం ఒక్కటీ రాలేదు. బ్యాటరీ మార్చడానికి బద్ధకించి మీటరు పాడైపోయిందని పట్టుకొచ్చే మహానుభావులు మాత్రం రోజూ వస్తారు.

గది సంగతి చెబుతాను. సందు చివర, మెట్ల కింద, సగం దాకా లేచి మొరాయించే షట్టరు. లోపల ఒక బల్ల, దానికి మూడు వైపులా బొటనవేలెత్తు అంచు — చిన్న స్క్రూలు దొర్లిపోకుండా. గోడ నిండా మేకులు. ప్రతి మేకు కిందా గుండ్రంగా, రంగు వెలవని మచ్చ. అక్కడ ముప్పై ఏళ్ళు గడియారాలు వేలాడాయి. వాటిని బాగుచేసినాయన్ని అందరూ గడియారాలాయన అనేవాళ్ళు.

ఆయనకో పట్టింపు ఉండేది. బాగుచేసిన గడియారం తెచ్చినవాళ్ళ చేతికి ఊరికే ఇచ్చేవాడు కాదు. వాళ్ళు చెవి దగ్గర పెట్టుకుని విని, "బాగుంది" అనాలి. అనేదాకా పక్కనే వంగి, వాళ్ళ మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. ఎవరైనా తొందరపడి డబ్బిచ్చేసి వెళ్ళబోతే వెనక్కి పిలిచేవాడు. ఒకరోజు తెల్లవారి షట్టరు తీసేసరికి ఆయన బల్ల మీదికి వంగి ఉన్నాడు, కంటికి భూతద్దం అలాగే ఉంది. ముందు ఒక చేతిగడియారం టిక్ టిక్‌మంటూ నడుస్తోంది. దాన్ని బాగుందని ఎవరూ అనలేదు.

అందుకని పైన ఉండే ఇంటావిడ ఆ గది ఎవరికిచ్చినా ఒక మాట చెబుతుంది. రాత్రి పని చేస్తే, దీపం ఆర్పేముందు బల్ల వైపు తిరిగి, "బాగుందండీ, ఇక లేవండి" అనాలి. అంతే. అంటే ఆయన లేచి వెళ్ళిపోతాడట.

ఈ మాట ఆవిడ మా బావకి కూడా చెప్పింది. బావ శుభ్రంగా నవ్వేశాడు. ఆ విషయంలో మాత్రం నేను బావ పక్షం.

మిగతా ఏ విషయంలోనూ కాదు. మా అక్క మొగుడు పియానోలకి శ్రుతి చేస్తాడు. మీటర్లంటే చులకన. "చెవి లేనివాళ్ళకి మీటరు, కాలు లేనివాళ్ళకి కర్ర" అని నా మొహం మీదే అంటాడు. నన్ను పిలవడం కూడా "మీటరమ్మా" అనే. ఇలాంటి మనిషికి ఆ ఏడాది పెద్ద దెబ్బ తగిలింది. తను పదిహేనేళ్ళుగా శ్రుతి చేస్తున్న స్టూడియోలో, పియానోలో ఒక తీగ శ్రుతి దిగిందని బావ అన్నాడు, దిగలేదని వాళ్ళ మీటరు అంది. మాటా మాటా పెరిగింది. మేనేజరు అందరి ముందూ, "ముందు మీరు వెళ్ళి చెవులు చూపించుకోండి" అన్నాడు.

మర్నాటి నుంచి పిలుపు రాలేదు. వారం తిరిగేసరికి మిగతా చోట్ల నుంచీ ఆగిపోయింది. శ్రుతి చేసేవాడికి చెవి పోయిందని ఒక్కసారి పేరు పడితే ఇక ఎవరు పిలుస్తారు?

ఎవరైనా అయితే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తారు. మా బావ ఆసిలేటర్ చేయడానికి కూర్చున్నాడు.

సింథసైజర్ అంటే మీటలు నొక్కితే పలికే పెట్టె అనుకోండి. దానికి గొంతు ఈ ఆసిలేటర్. దానికిచ్చే కరెంటు ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకెక్కాలి, ఇంకో వోల్టు పెంచితే ఇంకో స్థాయి. ఇందుకు రెండు బుల్లి స్క్రూలుంటాయి. ఒకటి స్వరం ఎక్కడ నిలబడాలో చూస్తుంది, రెండోది స్థాయికీ స్థాయికీ మధ్య దూరం చూస్తుంది. ఒకదాన్ని బుజ్జగిస్తే రెండోది అలుగుతుంది. రెండూ ఒక మాట మీదికి వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. మీటరు పెట్టుకుంటే గంట పని. బావ దాన్ని ఉత్త చెవితో చేస్తానని శపథం పట్టాడు. అలా చేసి, ఆ తర్వాత మేనేజర్ని పిలిచి, వాడి మీటరుతోనే కొలిపించి, వాడి నోరు మూయిస్తాడట. అందుకు సద్దులేని చోటు కావాలి. అలా ఆ గది దొరికింది.

మొదటి రాత్రి జరిగింది బావ అక్కకి చెప్పాడు, అక్క నాకు చెప్పింది. అక్క ఎంత కలుపుతుందో నాకు తెలుసు కనక అది తీసేసి చెబుతున్నాను.

పది గంటలకి బ్యాటరీ తగిలించి, అరగంట వేడెక్కనిచ్చాడు. చిన్న స్పీకరు సన్నగా పాడుతోంది. పైన ఇంటావిడ నిద్రపోతోందని గొంతు బాగా తగ్గించి పెట్టాడు. వంగి, స్పీకరుకి చెవి ఆనించినట్టుగా పెట్టి, ఎప్పుడు తట్టినా ఒకే స్వరం పలికే ట్యూనింగ్ ఫోర్కుని మోకాలికి తట్టాడు.

రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే మధ్యలో ఒక ఊపు వినిపిస్తుంది — వావ్... వావ్... అని. దగ్గరయ్యే కొద్దీ ఊపు నెమ్మదిస్తుంది. కలిస్తే ఆగిపోతుంది.

బావ స్క్రూ తిప్పాడు. ఊపు నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ఆగింది. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. మళ్ళీ ఫోర్కు తట్టాడు.

వావ్... వావ్... వావ్...

స్వరం దిగింది.

మళ్ళీ వంగి సరిచేశాడు. మళ్ళీ కలిసింది. వెనక్కి వాలాడు — దిగింది. పదిసార్లు చేశాడు. పదిసార్లూ అంతే. తను చెవి పెట్టి వింటున్నంతసేపూ బుద్ధిగా ఉండి, తను వెనక్కి జరగ్గానే ఎవరో వచ్చి మెల్లగా దించేస్తున్నట్టుంది.

దీపం ఆర్పి వచ్చేశాడు. ఇంటావిడ చెప్పిన మాట అనలేదు. అంటే బావ ఎందుకవుతాడు!

రెండో రాత్రి అక్క గోళ్ళరంగు సీసా జేబులో వేసుకుని వెళ్ళాడు. శ్రుతి కలిశాక స్క్రూల తలల మీద ఒక్కో చుక్క వేసి ఆరనిచ్చాడు. ఇప్పుడు ఎవరు తిప్పినా రంగు పగులుతుంది. చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు.

వావ్... వావ్...

టార్చి వేసి చూశాడు. రంగు పగల్లేదు. స్క్రూ కదల్లేదు. స్వరం మాత్రం దిగింది.

అప్పుడు బావకి చెమట పట్టింది. దెయ్యానికి భయపడి కాదు. స్క్రూ కదలకుండా స్వరం కదలదు. కదిలినట్టు వినిపించిందంటే — వినేవాడిలో తేడా ఉంది. మేనేజరు అన్నదే నిజం. చెవి పోయింది...

 తర్వాత, చీకటిలోకి చూస్తూ, గుసగుసగా అడిగాడట.

"ఎవరండీ...? దించుతున్నది మీరేనా...?"

జవాబు రాలేదు. జవాబు రానందుకు మా బావ ఏడిచాడు.

అక్క నాకు ఫోన్ చేసింది. "మీ బావ అక్కడ దెయ్యం ఉంటే బాగుండునంటున్నాడే! దెయ్యమైనా ఫరవాలేదు, చెవి పోకపోతే చాలు అంటున్నాడు. నువ్వొకసారి వచ్చి చూడవే."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నా మీటర్లని వెక్కిరించిన మనిషి, మీటరు పెట్టుకోవడానికి నామోషీ అయి దెయ్యానికి దండం పెడుతున్నాడన్నమాట. ల్యాబులో చెప్పి, స్వరాన్ని అంకెల్లో కొలిచే మీటరు ఒకటి సంచిలో పెట్టుకుని, అక్కని వెంటబెట్టుకుని మూడో రాత్రి బయల్దేరాను. అది నిమిషానికోసారి కిర్రుమని సన్నటి కాగితం మీద ఒక వరస అచ్చు వేస్తుంది — టైమూ, అంకే. మనుషుల్లాగా కలిపి చెప్పడం దానికి రాదు.

మీటరు లోపల ఫ్యానుంది, వేడి వదులుతుంది. అందుకని దాన్ని బల్ల మీద పెట్టలేదు. పొడుగు తీగ లాగి, షట్టరు దగ్గర స్టూలు మీద పెట్టాను. బల్లకీ దానికీ మధ్య పదడుగులు.

"నీ డబ్బా అంత దూరంలో ఏం పీకుతుంది, మీటరమ్మా?" అన్నాడు బావ. గొంతులో పస లేదు.

"నా డబ్బాకి చెవి లేదు బావా, పోవడానికి. నువ్వు శ్రుతి చెయ్యి."

ఆ మాట అన్నాక నాకే కష్టంగా అనిపించింది. అక్క నా చెయ్యి గిల్లింది.

బావ వంగాడు. ఫోర్కు తట్టి, స్క్రూ మీది పాత రంగు గీకి, తిప్పాడు. "కలిసింది," అన్నాడు. నా మీటరులో 440.0, సరిగ్గా ఫోర్కు పలికే అంకె. మనసులో మెచ్చుకున్నాను, పైకి అనలేదు. వెనక్కి వాలాడు. నేను అంకెనే చూస్తున్నాను... 439.6... 439.1... 438.7.

"దిగింది," అన్నాడు బావ, కళ్ళు మూసుకుని, చచ్చిపోతున్న గొంతుతో.

"దిగింది," అన్నాను నేను.

బావ కళ్ళు తెరిచాడు. "ఏంటీ?"

"నిజంగానే దిగింది బావా. ఒకటి పాయింట్ మూడు. ఉండు, కదలకు."

దిగిందంటే కారణం ఉండాలి. నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆసిలేటర్ పలక మధ్యలో రెండు ట్రాన్సిస్టర్లు వీపూ వీపూ ఆనించి ఉన్నాయి, స్వరం ఎక్కడ నిలబడాలో నిర్ణయించేవి అవే. వాటి మీద మూత లేదు. స్పీకరు వాటి పక్కనే. అక్క కూడా చూడ్డానికి నా పక్కనుంచి వంగింది — స్వరం సన్నగా పైకి పాకింది.

"నేను ముట్టుకోలేదు బాబోయ్!" అని అక్క ఎగిరి వెనక్కి దూకింది. స్వరం దిగింది.

నేను వంగి ఆ రెండు ట్రాన్సిస్టర్ల మీద ఉఫ్‌మని ఊదాను. స్వరం పిల్లిలా మూలిగి పైకి పోయింది.

అదండీ దెయ్యం! ఆ రెంటికీ వేడి తగిలితే స్వరం ఎక్కుతుంది, చల్లబడితే దిగుతుంది. ఈ మహానుభావుడు స్పీకరుకి చెవి ఆనించి, వాటి మీద ముక్కు పెట్టి, బుసబుసా ఊపిరి వదులుతూ శ్రుతి చేశాడు. తన ఊపిరి వేడికి సరిపడా కలిపాడు. వెనక్కి వాలగానే అవి చల్లబడ్డాయి. మూత ఎందుకు పెట్టలేదయ్యా అంటే, లోపలి పనితనం కనిపించాలిట! సందు సందంతా ఎవరి ఊపిరికి భయపడుతున్నారో, ఆ ఊపిరి మా బావదే.

నేను పగలబడి నవ్వాను. అక్క కూడా నవ్వింది. బావ నవ్వలేదు.

"అంటే..." అన్నాడు మెల్లగా. "నేను విన్నది... నిజంగా ఉందా?"

అప్పుడు నా నవ్వు ఆగింది. బావని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. నేను బల్ల దగ్గర, అక్క మీటరు దగ్గర. నేను ఒకసారి ఊదాను, ఒకసారి ఊరుకున్నాను, ఒకసారి అరచెయ్యి దగ్గరగా పెట్టాను. "ఎక్కింది... కదల్లేదు... కొంచెం ఎక్కింది... ఇప్పుడు దిగుతోంది..." ఇరవైసార్లు. ఇరవైసార్లూ మీటరు ఏమందో బావ కూడా అదే అన్నాడు. అంత చిన్న తేడా నా చెవికి అసలు తెలియనేలేదు.

బావ ఆ గోడకి తల ఆనించి ఏడ్చాడు. పదిహేనేళ్ళ చెవి చెక్కుచెదరకుండా ఉంది. అక్క వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. నేను మీటరు తీగ సర్దుతున్నట్టు నటించాను. అతన్ని అన్ని మాటలన్నందుకు సిగ్గేసింది.

తర్వాత బావ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, స్క్రూడ్రైవరుని పొడుగు కర్రకి కట్టి, దూరం నుంచి శ్రుతి చేశాడు. అచ్చం దొంగలా ఉన్నాడు. 440.0 దగ్గర నిలిచింది, వెనక్కి వాలినా నిలిచింది.

"ఇంకో పని మిగిలింది," అన్నాను. "గదిలో మనిషి లేకుండా రాత్రంతా నడవనిద్దాం. మీటరు అచ్చు వేస్తుంది. రేపు మీ మేనేజరు ముందు ఆ కాగితం పరిస్తే, యంత్రం తిన్నగా ఉందని తెలుస్తుంది. ఆ తర్వాత చెవికి పరీక్ష పెట్టుకోమను. మూత రేపు బిగిద్దాం."

పదకొండున్నరకి షట్టరు దించాం. ఇంటావిడ పై మెట్టు మీంచి తొంగి చూసి, "ఆ మాట అన్నారా బాబూ?" అంది.

"అనడానికి అక్కడెవరున్నారమ్మా? నేనే దెయ్యాన్నని తేలిపోయింది!" అన్నాడు బావ. ఆ రాత్రంతా అతను అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదలు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మీ ఇష్టం," అని తలుపేసుకుంది.

మేనేజరు మర్నాడు వచ్చాడు, కాగితం చూశాడు, గోడకి తిప్పి కూర్చోబెట్టిన బావని తన మీటరుతో అరగంట పరీక్షించాడు. చివరికి గొంతు సవరించుకుని, "ఆ పియానో ఇంకోసారి చూస్తారా?" అన్నాడు. బావ ఇప్పటికీ స్టూడియోలో ఉన్నాడు. ఈ కథ ఎవరు అడిగినా చెబుతాడు, తనే దెయ్యమైన చోట ఆపి, కడుపుబ్బ నవ్వుతాడు.

బావకి తెలిసిన కథ అంతే. మిగిలింది ఒక్క నాకే తెలుసు.

ఆ తెల్లవారుజామున నాకు మొదటి షిఫ్టు. వెళ్తూ వెళ్తూ కాగితం తీసి పెడదామని అయిదింటికి ఆ సందులోకి వెళ్ళాను. ఇంకా చీకటే. తాళం వేసినట్టే ఉంది. తాళం తీసి, షట్టరు సగం లేపి, వంగి లోపలికి వెళ్ళి, మీటరు దగ్గరే నిలబడ్డాను. చీకట్లో బల్ల మీంచి స్వరం సన్నగా పాడుతోంది. మీటరు వెలుగులో కాగితం పైకెత్తి చదివాను.

పన్నెండుకి 440.0. ఒంటిగంటకి 439.9. రెండింటికి 439.8 — రాత్రి చలికి ఆ మాత్రం దిగడం న్యాయమే.

రెండూ పదిహేడుకి 440.2.

తర్వాతి వరస 440.7. తర్వాత 441.0... 441.1. అక్కడ నిలిచింది. పదకొండు వరసలు అదే అంకె. తర్వాత మెల్లగా దిగి మళ్ళీ 439.8.

లెక్క వేశాను. ఒకటి పాయింట్ మూడు. బావ వంగితే ఎంత ఎక్కిందో, అంతే.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎలక అనుకున్నాను — ఎలక పదకొండు నిమిషాలు కదలకుండా ఉండదు. గాలి అనుకున్నాను — గాలి చల్లారుస్తుంది. కరెంటు హెచ్చుతగ్గులనుకున్నాను — ఆసిలేటర్ బ్యాటరీ మీద నడుస్తోంది. మీటరే తప్పంటారా? దాని మీద సంతకం నాది.

కిర్రుమని పక్కనే అచ్చుపడింది. ఉలిక్కిపడి చూశాను. 439.8.

ఇంతలో బల్ల దగ్గర స్వరం మారినట్టనిపించింది. నాకు చెవి లేదని చెప్పానుగా, అనిపించింది అంతే. నేను షట్టరు దగ్గరే ఉన్నాను. బల్లకి పదడుగులు. కాలు కదపలేదు.

కిర్ర్... 440.3.

ఊపిరి బిగబట్టాను. ఎందుకో తెలియదు. నా ఊపిరి అంత దూరం పోదని నాకు తెలుసు.

కిర్ర్... 440.9.

కిర్ర్... 441.1.

చీకట్లో బల్ల కనిపిస్తూనే ఉంది. కుర్చీ ఖాళీ. బల్ల ముందు ఎవరూ లేరు. స్వరం మాత్రం పైన, సన్నగా, నిలకడగా... ఎవరో చాలా దగ్గరగా వంగి, బావ చేసిన పనిని శ్రద్ధగా చూస్తున్నట్టుగా ఉంది.

 పన్నెండేళ్ళలో నేను ఏ అంకెకీ జవాబు చెప్పుకోవలసి రాలేదు. ఇంటావిడ మాటకి నవ్విన నవ్వు గుర్తొచ్చింది. సిగ్గు విడిచి, బల్ల వైపు తిరిగి, నాకే వినపడనంత మెల్లగా అన్నాను.

"బాగుందండీ... ఇక లేవండి."

ఏమీ జరగలేదు. స్వరం అలాగే ఉంది. నన్ను నేను తిట్టుకున్నాను. అంత పొడుగు నిమిషం నా జీవితంలో లేదు.

కిర్ర్... 440.4.

కిర్ర్... 439.8.

రెండుంపావు నుంచి రెండుముప్పావు దాకా ఉన్న ముక్కనీ, చివరి ముక్కనీ చింపేశాను. మేనేజరు చేతిలో పడితే, యంత్రమే తిన్నగా లేదు, ఇంక చెవి సంగతేంటంటాడు. బావకి చూపిస్తే ఆ నవ్వు పోతుంది. మిగతా కాగితాన్ని అంటించి అక్క చేతికిచ్చాను. ఒక కొలతని నేను దాచడం అదే మొదటిసారి.

ఆ రెండు ముక్కలూ నా పర్సులో ఉన్నాయి. బావ ఇప్పటికీ ఆ గదిలోనే రాత్రిళ్ళు పని చేస్తాడు, కొలవడానికి నన్నూ నా మీటరునీ రమ్మంటాడు. షట్టరు దించేముందు మీటరు తీసుకెళ్ళాలన్న వంకతో నేను ఒక్క నిమిషం లోపలే ఉండిపోతాను. "లోపల ఎవరితో మాట్లాడుతున్నావు, మీటరమ్మా?" అని అడుగుతాడు బావ. ఎవరితోనూ కాదని చెబుతాను.